నల్లబడిన వల

దిబ్బపాళెంలో పంపు మీద దురాయి పడి వారం దాటింది. దురాయి అంటే పెద్దకాపు నోటితో వేసే ఊరి కట్టు. పోలీసులకు భయపడనివాడు కూడా దానికి భయపడతాడు. దాన్ని మీరినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు, వాడి పడవను నీళ్ళలోకి తోయడానికి ఒక్క భుజం రాదు. పెద్దకాపు గంగులయ్య ఈసారి వేసిన కట్టు ఇది. వేదాచలం ధర్మనిధి వేయించిన పంపు నీళ్ళు ఎవరూ ముట్టకూడదు. ధర్మనిధి ఆసుపత్రి గడప ఎవరూ తొక్కకూడదు.

కారణం మీరు మరిచిపోయి ఉండరు. చిన్నపోలయ్య తన కొత్త నూలు వలకు తుమ్మచెక్క రసం పట్టించాడు. నైలాను వలలు ఇంకా నాయుడుపేట దాటి ఇటు రాలేదు కాబట్టి సముద్రం మీదికి పోయే ప్రతి వలకూ ఆ రసం పట్టించాల్సిందే, లేకపోతే ఉప్పునీళ్ళకు నూలు నాలుగు రోజుల్లో చీకిపోతుంది. ఇంటి ముందున్న పంపు నీళ్ళే కదా చేరువని వాటితోనే చెక్క కాచారు. ఎర్రమట్టి రంగులో రావలసిన వల కాటుక రంగులో వచ్చింది. కొన్నాళ్ళ వేటకే పట్టుకున్న చోటల్లా పీలికలై చేతికొచ్చింది. ఆ పీలికలు తెచ్చి ఆసుపత్రి వసారాలో నర్సు పుష్పకుమారి కాళ్ళ ముందు పడేసి, "వలకే ఇట్టుంటే పేగులకి ఎట్టుంటాదమ్మా?" అని అడిగాడు చిన్నపోలయ్య. అక్కడ ఆగాం.

ఆ తర్వాత ఊళ్ళో పుట్టని అనుమానం లేదు. పంపులో పిల్లలు పుట్టకుండా మందు కలిపారని ఆడవాళ్ళు అనుకున్నారు. గూడూరులో ఆపరేషన్ల క్యాంపు పెట్టిన దగ్గర్నించీ వాళ్ళకు ఆ బెంగ ఉండనే ఉంది. కాదు, మనల్ని దిబ్బ మీద నుంచి లేపేసి చోటు కాజేసేందుకే ఇదంతా అని మగవాళ్ళు అనుకున్నారు. గూడూరు మైకా వ్యాపారి వేదాచలం పోతే ఆయన భార్య ఆ పేరిట ధర్మనిధి పెట్టిందనీ, సముద్రపు పల్లెలకు మంచినీళ్ళూ మందులూ ఇవ్వాలన్నదే ఆమె కోరికనీ పుష్పకుమారి గొంతు పోయేలా చెప్పింది. ఎవరూ చెవిన వేసుకోలేదు.

వేసుకోవాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. పోయిన ఏడు వాంతిభేదుల్లో ఈ ఊళ్ళో పిల్లలు వరసగా పోయారు. చిన్నపోలయ్య భార్య కామమ్మ కొడుకు వాళ్ళలో ఒకడు. ఇసకలో చేత్తో తవ్వుకునే చెలమ నీళ్ళే ఆ జబ్బు తెచ్చాయని గూడూరు డాక్టరు తేల్చి చెప్పాకే ధర్మనిధి పంపు వేయించింది. ఇప్పుడు మళ్ళీ వాకాడు దగ్గర వాంతిభేదులు మొదలయ్యాయని రెండు రోజులుగా కబురు. ఇలాంటప్పుడు ఊరు ఊరంతా పంపు వదిలేసి చెలమల దగ్గరికి పోతుంటే పుష్పకుమారికి అన్నం సయించడం లేదు. ఒక్క కామమ్మ మాత్రం నర్సమ్మ నేర్పినట్టు చెలమ నీళ్ళు కాచి, వడబోసి, మూత పెట్టి మిగిలిన కూతురికి పడుతోంది. ఆ మాట దొడ్డి చాటున చెప్పి పంపింది కూడా.

పుష్పకుమారికీ ఒక అనుమానం ఉంది. ఆమెను వెనకేసుకు రావాలని నాకెంత ఉన్నా, అది మంచి అనుమానం కాదు. చిన్నపోలయ్య తల్లి పేరమ్మ ఈ ఊరి మంత్రసాని. ఆసుపత్రి వచ్చాక కానుపులకు ఆమెను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. చెక్క బాన కాచింది ఆమే. కరక్కాయ నీళ్ళలో అన్నభేది అనే పచ్చ ఉప్పు వేస్తే నల్ల సిరా అవుతుందని పుష్పకుమారి నెల్లూరులో చదువుకునే రోజుల నుంచీ ఎరుగును. చెక్క రసంలో వేసినా అంతే అవుతుంది. చిటికెడు అన్నభేది వేసి పేరమ్మే తనను ఊళ్ళోంచి వెళ్ళగొట్టే ఎత్తు వేసిందని ఆమె గట్టిగా నమ్మింది.

నమ్మిన మాట తేల్చుకోవడానికే పెద్దకాపును అడిగి, ఈ రోజు వేటకు పడవలు పోని పూట చూసి, వలలారేసే దిబ్బ మీద ఊరి ముందు నిలబడింది.

గంగులయ్య తిరగేసిన పడవ మీద కూర్చున్నాడు. పెద్ద చేప లాగిన తాడుకు ఎప్పుడో ఒక వేలు సగం తెగిపోయింది. ఆ సగం వేలితోనే ముక్కుపొడుం పట్టు పడతాడు. తొందరపడి మాట్లాడడు. అతను నోరు తెరిచే దాకా ఊరు నోరు తెరవదు.

"చూడమ్మా నర్సమ్మా," అన్నాడు చివరికి. "ఆ గూడూరమ్మ ఎవురో మాకు తెలవదు. ఆయమ్మ మొగుడు పోతే మాకు పంపు ఎందుకు ఏసినట్టు? మా ఊళ్ళో మనిషి పోతే మేము గూడూరోళ్ళకి ఏమన్నా చేస్తుండామా?"

దిబ్బ మీద నవ్వులు లేచాయి. పుష్పకుమారి నవ్వలేదు.

"ఆయన పేరు నిలవాలనండీ."

"పేరు నిలిచేదానికి పంపు కాడ ఆయన పేరు చెక్కిన రాయి చాలు గదమ్మా. నీళ్ళెందుకు?"

ధర్మం చేసేవాళ్ళు ఎందుకు చేస్తారో జీతానికి పనిచేసేవాళ్ళకు మాత్రం ఏం తెలుస్తుంది? చదువు అయిపోగానే ఆమెను ఈ కొలువులో పెట్టింది ఆమె అన్న జీవానందం. తల్లీ తండ్రీ పోయాక ఆమెను పెంచింది కూడా అతనే. నెల్లూరు ఆఫీసులో అతను ధర్మనిధికి సూపర్‌వైజరు. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరున్నారంటే లోకం తలా ఒక మాట అంటుందనీ, అన్నాచెల్లెళ్ళమన్న సంగతి పల్లెలో చెప్పవద్దనీ మొదట్లోనే అన్నాడు. ఆమె చెప్పలేదు. అన్న మాటను ఆమె ఎన్నడూ తిరగేసి చూసింది లేదు.

"పెద్దకాపు గారూ, మీ అనుమానం మీరు చెప్పారు. నా అనుమానం కూడా చెప్పనివ్వండి," అంది. "నీళ్ళలో ఏమీ లేదు. బానలో ఎవరో ఏదో వేశారని నాకు అనిపిస్తోంది."

"ఎవురో అంటే?" అంది పేరమ్మ, కూర్చున్న చోటు నుంచే.

"బాన కాచింది మీరే కదా పేరమ్మక్కా."

చిన్నపోలయ్య లేవబోతే గంగులయ్య చెయ్యి చూపించి కూర్చోబెట్టాడు. పేరమ్మ మాత్రం మెల్లగా లేచి, చీర కొంగు నడుముకు చుట్టి, నర్సు ఎదురుగా వచ్చి నిలబడింది. పోట్లాటకు దిగుతుందని అందరూ అనుకున్నారు.

"నువ్వొచ్చినాక నన్ను కానుపులకి పిలవడం మానినారు. ఆ మాట నిజమే," అంది. "నిన్ను నేను తిట్టుకున్నాను. అది గూడా నిజమే, అబద్ధం చెప్పను. అయితే ఆ వల ఎవురిదమ్మా? నా కొడుకుది. వానలు కురిసినన్నాళ్ళూ ఇంట్లో కూసోని నేనూ నా కోడలూ అల్లినాము. నీ మీద కోపానికి నా బిడ్డ వల నేను చెడగొట్టుకుంటానా?"

పుష్పకుమారికి చెంప మీద కొట్టినట్టయింది. అయినా పట్టు వదల్లేదు. "అయితే ఇప్పుడు నేనే కాచి చూపిస్తాను. మీరెవరూ ముట్టుకోవద్దు."

సరేనన్నాడు పెద్దకాపు.

ఆసుపత్రి నుంచి కొత్త కుండ తెచ్చుకుంది. ఊరంతా చూస్తుండగా ఇసక వేసి తోమింది. పంపు దగ్గరికి తానే పోయి నీళ్ళు కొట్టుకొచ్చింది. తుమ్మచెక్క కోసం నాలుగిళ్ళ పోగులు చూసి నలగ్గొట్టని చెక్కలు ఏరుకుంది. మూడు రాళ్ళ మీద కుండ పెట్టి, సరుగుడు పుల్లలు ఎగదోసి, ఎండలో చెమటలు కక్కుతూ పక్కనే నిలబడింది. ఆమె మెడలోని సన్నటి సిలువ గొలుసు చెమటకు తడిసి అతుక్కుపోయింది. ఆడవాళ్ళకు కొంచెం జాలేసింది కూడా. జాలి వేరు, నమ్మకం వేరు.

నీళ్ళు మరిగాయి. చెక్క రంగు దిగడం మొదలైంది. మొదట ఎర్రగానే కనిపించింది. పుష్పకుమారి పేరమ్మ వైపు చూసింది. ఆ చూపులో గెలుపు ఉందో లేదో నేను చెప్పను.

ఆమె మళ్ళీ కుండలోకి చూసేసరికి ఎరుపు కమిలి ఊదాగా మారుతోంది. ఇంకొంచెం సేపటికి నేరేడుపండు రసంలా అయింది. ఆ పైన అది నలుపే. చేతిరుమాలు ముంచి తీస్తే కాటుక గుడ్డలా వచ్చింది.

తన చేతులతో తోమిన కుండ, తాను కొట్టిన నీళ్ళు, తాను ఏరిన చెక్క. ఇంక తప్పు ఎవరి మీద పెడుతుంది?

"పేరమ్మక్కా, నేనన్న మాట తప్పు," అంది పుష్పకుమారి. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను. నన్ను క్షమించండి."

పేరమ్మ పోయి తన చోట కూర్చుంది.

"ఇంకేముందమ్మా," అన్నాడు గంగులయ్య. అతని గొంతులో సంతోషం లేదు. "నీ కుండే చెప్పింది. ఈ నీళ్ళలో ఏందో కలిసుండాది. అదేందో నీకు తెలిస్తే చెప్పు. తెలవకపోతే పెట్టె సర్దుకో."

ఆమె ఆ నల్లటి నీళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది. రక్తం లేక పాలిపోయిన గర్భిణులకు ఆసుపత్రిలో ఇనుము మందు ఇస్తుంది. ఆ మందు తాగాక టీ తాగవద్దని ప్రతి మనిషికీ చెబుతుంది. చదువుకునే రోజుల్లో డాక్టరమ్మ ఒకసారి ఆ మందు రెండు చుక్కలు టీ గ్లాసులో వేసి చూపించింది. టీ ఇలాగే, సరిగ్గా ఇలాగే కమిలి నల్లబడింది. అన్నభేది అన్నా ఇనుమే కదా. పేరమ్మ మీద ఉన్న అనుమానం కళ్ళకు కమ్మి అంత దగ్గరి సంగతి ఇన్నాళ్ళూ కనిపించలేదు.

"ఇంకొక్కసారి కాచనివ్వండి," అంది. "ఈసారి మీ చెలమ నీళ్ళతో."

చెలమ నీళ్ళతో కాచిన రసం అచ్చంగా ఎర్రమట్టి రంగులో దిగింది. అందరూ గొణుక్కున్నారు. ఇప్పుడు తన చేత్తో తానే పంపును చెడ్డది చేసుకుంటోందని మగవాళ్ళు అనుకున్నారు. పుష్పకుమారి చిన్నపోలయ్య వైపు తిరిగి, తుప్పు పట్టిన ఇనుప ముక్క ఏదైనా ఉంటే ఇవ్వమంది. అతను ఇష్టం లేకుండానే పోయి విరిగిన లంగరు కొక్కెం తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని ఆ ఎర్రటి రసంలో వేసింది.

కొక్కెం చుట్టూ ముందు సన్నటి నల్లదారాలు లేచాయి. అవి మెలికలు తిరుగుతూ పైకి వచ్చాయి. చూస్తుండగానే కుండ అంతా కమ్ముకుంది. కూర్చున్న వాళ్ళంతా లేచి కుండ చుట్టూ మూగారు.

"అది మీ లంగరు. మీ చెలమ నీళ్ళు. మీ చెక్క," అంది పుష్పకుమారి. "ఇందులో నేనేం కలిపాను? విషం కాదండీ, తుప్పు. పంపు గొట్టం ఇనుముది, దాని తుప్పు నీళ్ళలోకి దిగుతోంది. చెక్క రసానికి తగిలితే నల్లబడుతుంది, నూలును తింటుంది. వలలకు మాత్రం పంపు నీళ్ళు వాడకండి. మనిషికి మాత్రం ఏమీ కాదు. కడుపుతో ఉన్న వాళ్ళకు నేనిచ్చే మందులో ఉండేది అదే ఇనుము."

చెప్పి, చెంబుతో పంపు నీళ్ళు తెచ్చుకుని గటగటా తాగింది.

గంగులయ్య కొక్కెం బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరమ్మ కూడా కుండలోకి వంగి చూసింది. తర్వాత తలెత్తి, "ఒక్క మాట నర్సమ్మా," అంది. "పోయిన ఏడు గూడా ఈ పంపు నీళ్ళతోనే కాచినాము గదా. బాగా ఎర్రంగా వచ్చినాయి వలలు. అప్పుడు ఈ తుప్పు యాడికి పోయింది?"

"అప్పుడు గొట్టం కొత్తది కదా అక్కా. పాతబడుతోంది."

ఆ జవాబు ఊరికి సరిపోయింది. పుష్పకుమారికీ సరిపోయింది. గెలిచిన వేళ ఎవరైనా తమ జవాబును తామే అనుమానిస్తారా?

కూతుర్ని చంకనేసుకుని ఇంతసేపూ వెనక నిలబడ్డ కామమ్మ ముందుకొచ్చింది. పోయిన ఏడు పిల్లవాడిని మట్టిలో పెట్టినప్పటి నుంచీ ఆ మనిషి గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. "పిల్లకి ఇయ్యొచ్చునా అమ్మా?" అని అడిగింది.

"ఇవ్వచ్చు."

"కాచాల్నా?"

"చెలమ నీళ్ళయితేనే కాచాలి కామమ్మా. ఇవి కాచక్కర్లేదు. ఈ గొట్టం ఇసకంతా దాటి, కింద బంకమన్ను పొర కూడా దాటి, దాని అడుగు నుంచి నీళ్ళు తెస్తుంది. పైన మనం చేసే పాడు ఆ పొర దాటి కిందికి దిగదు. చెలమకూ దీనికీ ఉన్న తేడా అదే."

కామమ్మ పెద్దకాపు వైపు చూసింది. గంగులయ్య ముక్కుపొడుం డబ్బీ మూసి మొలలో దోపుకున్నాడు.

"తాగే నీళ్ళకి దురాయి ఎత్తేసినాను," అన్నాడు. "వలలకి మాత్రం చెలమలే. ఆసుపత్రికి పోయేవాళ్ళు పోవచ్చు." నర్సు వైపు తిరిగి, "పేరమ్మ మీద ఏసిన నింద సంగతి నువ్వూ ఆయమ్మా చూసుకోండి. అది ఊరిది కాదు," అని కూడా అన్నాడు.

పుష్పకుమారి చెంబు వంచితే కామమ్మ కూతురు దోసిలి పట్టింది. దాహం మీద ఉందేమో, దోసిలి నిండా తాగి ఇంకా పోయమంది. వారం రోజుల తర్వాత ఊరి పిల్ల ఒకటి తన చేతి నీళ్ళు తాగడం చూసి నర్సుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈ ఊరికి తాను వచ్చినందుకు ఒక్క పని చేశాను అనుకుంది. పాపం, అంత సంతోషం ఆమెకు ఈ మధ్య కలగలేదు.

దిబ్బ దిగి ఆడవాళ్ళంతా బిందెలతో పంపు చుట్టూ చేరారు. వారం రోజులు ఇసక తవ్వి తవ్వి విసిగి ఉన్నారేమో, ఒకరినొకరు తోసుకుంటూ మాటలు రువ్వుకుంటున్నారు. కామమ్మ గుడిసెలోకి పోయి, మూత పెట్టి దాచుకున్న కాచిన నీళ్ళ కుండ తెచ్చి, వాకిట్లో ఇసకలో కుమ్మరించింది. "ఇంక ఈ అవస్థ తప్పింది," అని ఆ ఖాళీ కుండను పంపు కింద పెట్టింది.

పంపు కొట్టడానికి పేరమ్మే ముందు పిడి పట్టుకుంది. రెండు కొట్లు కొట్టీ కొట్టకముందే ధార దూకింది. ఆమె దోసిలి పట్టి తాగి, నాలుక చప్పరించింది.

"ఏమో అనుకున్నాను. బాగుండాయి మే," అంది కోడలితో. "ముందు రాయి నాకినట్టు సప్పగా ఉండేవి, గొంతు దిగేవి కావు. ఇప్పుడు అచ్చం మన చెలమ నీళ్ళ రుచే."

అందరూ నవ్వారు. పుష్పకుమారి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

చెలమ నీళ్ళ రుచి ఎందుకుంటుంది? రోజూ ఆమె తాగేది ఆసుపత్రిలో పరికరాల కోసం కాచిన నీళ్ళే కాబట్టి, ఇందాక చెంబుతో తాగినా ఆ రుచి మారిందో లేదో ఆమెకు తెలియలేదు. కాని ఇంకో సంగతి తెలుసు. పంపు వేసిన కొత్తలో నీళ్ళు అందాలంటే చేతులు పడిపోయేటట్టు కొట్టాల్సి వచ్చేది. అంత లోతు నుంచి వస్తాయి, ఓపిక పట్టాలి అని ఆమే ఆడవాళ్ళకు సర్దిచెప్పేది. ఈ వారం తన నీళ్ళు తానే కొట్టుకుంటూ, ఎంత సులువుగా వస్తున్నాయో అని సంతోషించింది కూడా. ఎందుకు సులువుగా వస్తున్నాయో ఆలోచించలేదు.

"చిన్నపోలయ్యా, ఈ పంపు ఇంత తేలిగ్గా ఎప్పటినుంచి వస్తోంది?"

"బాగుచేసినాక గదా," అన్నాడతను. కోపం దిగిపోయిన మనిషి, ఇప్పుడు మాట్లాడాలని ఉంది. "మేమే గదా పట్టింది. వానలు ఎలిసినాక నువ్వు నెల్లూరు పోయినావే, మీ అమ్మ పేరిట ప్రార్థన కూటమని. ఆ రోజే."

"వాషరు మార్చారని నాతో చెప్పారు."

"వాషరేందమ్మా. పైపు మొత్తం పైకి లాగినాము. ఊళ్ళో మొగోళ్ళందరం తాడేసి పట్టినాము. ఇసకలో పరిస్తే మా పడవకి రెండింతలు ఉన్నింది."

"మళ్ళీ అదే దించారు కదా?"

"అది యాడ దించినాడు ఆ వచ్చినాయన? అది వెండి మాదిరి తెల్లంగా మెరస్తా ఉన్నింది. దించింది ఇంకోటి, పాతది. ఎర్రంగా తుప్పు పట్టి చేతులకంటుకునింది. పొడుగు గూడా లేదు, మా తెడ్డుకన్నా రవంత ఎక్కువ, అంతే. ఇంత పొట్టిది సాలునా సామీ అని నేను అడిగినాను గూడా. నీళ్ళు పైకొచ్చినాయి, ఇంక సాలు అన్నాడు. తెల్ల పైపులు బండికెత్తించినాడు. వాకాడు కాడ లారీ ఉండాదంట, కొడవలూరుకి పోతాయంట. ఆడ ఎవురో ఆసామి తోటలో బావి తవ్వుతుండారంట."

తెడ్డు పొడుగు. అది ఇసక కూడా దాటదు. బంకమన్ను పొర మాట దేవుడెరుగు, చెలమ ఎక్కడ ఊరుతుందో గొట్టం కొస అక్కడే ఉంది. ఊరు బయట మనుషులు దొడ్డికి పోయే దిబ్బ, పోయిన ఏడు పిల్లల్ని పూడ్చిన చోటు, వాటన్నిటి మీద కురిసిన వాన ఇంకేది ఆ ఇసకలోకే. ఊరు అనుమానించింది నిజమే. నీళ్ళు చెడ్డవే. వాళ్ళు చూపించిన కారణం తప్పయితే, తాను చూపించిన కారణంతో అసలు సంగతే కప్పబడిపోయింది. దురాయి ఉన్నన్నాళ్ళూ కామమ్మ నీళ్ళు కాచింది. తన మాట నమ్మిన పూటే కాచిన నీళ్ళు పారబోసింది.

"ఎవరు దగ్గరుండి చేయించింది?" అని అడిగింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే ఆమెకు అనిపించలేదు.

"పేరు చెప్పలేదమ్మా. పొడుగాటి మనిషి. గడియారం మణికట్టుకి లోపలి పక్క కట్టుకొని ఉండాడు. మాట మాటకీ దేవుని చిత్తం అంటాడు. మంచోడే. మాకందరికీ టీ పోయించినాడు."

గడియారం అద్దం గీతలు పడకూడదని లోపలి వైపుకు తిప్పి కట్టుకునే మనిషిని ఆమె పసితనం నుంచీ చూస్తోంది. ఆ చేయి పట్టుకునే నడక నేర్చుకుంది. అమ్మ జ్ఞాపకార్థ కూటానికి తప్పకుండా రావాలని జాబు రాసి పిలిపించింది అతనే. తీరా పోతే ఇంట్లో వదినా పిల్లలూ తప్ప అతను లేడు. కొడవలూరులో పని పడిందన్నారు. తల్లి పేరు మీద పాటలు పాడుతుంటే అన్న లేడే అని ఆమె ఆ రోజు బాధపడింది. ఇప్పుడు ఆ బాధ తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ ఒక్క క్షణం ఆమె మాట్లాడకుండా ఉండిపోవచ్చు. పంపులో ఏదో తేడా ఉంది, డాక్టరు గారికి రాస్తాను, అప్పటిదాకా ఆగండి అని మెల్లగా సర్దుకోవచ్చు. అన్న పేరు రాకుండా చూసుకోవచ్చు. నిజంగా అదే అనుకుంది కూడా. అనుకుంటూ తలెత్తితే, నిండిన కుండను కామమ్మ నెత్తికెత్తుకుంటోంది.

పుష్పకుమారి ఆడవాళ్ళను తోసుకుని పోయి ఆ కుండను రెండు చేతులా తోసేసింది. కుండ పంపు గట్టు మీద పడి పగిలింది. నీళ్ళు వేదాచలం పేరు చెక్కిన రాయి మీదుగా పారి ఇసకలో ఇంకిపోయాయి.

"తాగకండి. ఎవరూ తాగకండి. బిందెలు వంచేయండి. మంచి గొట్టం తీసుకుపోయి పొట్టిది దించారు, ఇవి చెలమ నీళ్ళే."

పేరమ్మ పిడి వదిలేసింది. ఒక్కరూ కదల్లేదు. దిబ్బ మీద నుంచి గంగులయ్య దిగి వచ్చాడు. పగిలిన కుండనూ, నర్సు ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంతసేపూ తాగమన్నది నువ్వే గదమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు. "మా బిడ్డకి నీ చేత్తోనే పోసినావు. ఇప్పుడు వొద్దంటున్నావు. ఆ పైపు మార్చినోడు ఎవురో నీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎవురు?"

"మా అన్న," అంది పుష్పకుమారి.

అమ్మ చంక నుంచి కామమ్మ కూతురు తడి మూతి తుడుచుకుని, ఇంకా నీళ్ళు కావాలని నర్సు వైపు దోసిలి చాచింది.